నీ హాస్టల్ మంచం గురించి

సెవ్లియెవో,
సెప్టెంబరు 12.

చిరంజీవి రాలిత్సాను మీ అమ్మ దీవించి రాస్తున్నది.

నేను క్షేమం. మోకాలి నొప్పి తప్ప ఒంట్లో ఇంకే ఇబ్బందీ లేదు. నువ్వూ క్షేమమని నీ ఉత్తరం వల్ల తెలిసింది. ఇక్కడ ఈ వారమంతా ఎండలు. బ్లాకు మొత్తం ఎర్ర బుట్టమిరపకాయలు కాలుస్తోంది. ఏ బాల్కనీలో చూసినా పొగే. మెట్ల మీద ఎవరు ఎదురుపడినా "ఎన్ని కిలోలు తెచ్చావ్, ఎన్ని సీసాలయ్యాయ్" అనే పలకరింపు తప్ప వేరే మాట లేదు. నేనూ ముప్ఫై కిలోలు తెచ్చి కూర్చున్నాను. కాల్చడం, తోలు ఒలవడం, రుబ్బడం అన్నీ ఈసారి ఒక్కదాన్నే. వేళ్ళు మండుతున్నాయి, అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకు.

సోమవారం నీ ఉత్తరం అందింది. సముద్రం ఒడ్డున అంత పెద్ద హోటల్లో రోజుకు పద్దెనిమిది గదులు తుడుస్తున్నావని, అయినా ఇంతవరకూ నీళ్ళలో మోకాలి దాకా కూడా దిగలేదని రాశావు. చదివి నవ్వొచ్చింది. ఒక్క పూటైనా వెళ్ళి మునిగి రా తల్లీ. అక్కణ్ణించి నేరుగా సోఫియా వెళ్ళి హాస్టల్లో చేరతానన్నావు కాబట్టి నీ సామాను నేనే సర్దుతున్నాను. ఇరవై ఏడో తారీఖు పొద్దుటి బస్సు డ్రైవరుకు అప్పజెబుతాను. నువ్వు స్టాండులో దించుకో. రెండు సంచులు చాలన్నావు. ఐదు వస్తున్నాయి. ఎందుకో ఈ ఉత్తరంలోనే చెబుతాను, కాస్త ఓపిక పట్టు.

దుప్పట్లు వాళ్ళిస్తారా అని అడిగావు. ఇస్తారు. నేను ఆగస్టులో నీ కాగితాలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడు బతిమాలి ఒక గది చూసొచ్చానులే. హాస్టల్ చూసుకునే ఆవిడ ఉంది, చేతిలో తాళాల గుత్తి, నోట్లో పొద్దుతిరుగుడు గింజలు. ఆ దుప్పటి ఎత్తి చూపించింది. దానిలోంచి అవతల ఉన్న కిటికీ కనిపించింది నాకు.

"ఇది కప్పుకుంటే చలి ఆగుతుందా అమ్మా?" అన్నాను.

"ఇది లెక్కకే. కప్పుకోడానికి ఇంటినుంచి తెచ్చుకుంటారు," అంది.

"బల్బు లేదేం?"

"బల్బు ఎవరిది వాళ్ళదే. వెళ్ళేటప్పుడు విప్పుకుపోవాలి. మర్చిపోతే మీ అమ్మాయి తర్వాత వచ్చేదాని అదృష్టం."

"మరి అలమరకి తలుపు?"

"అలమర ఉందిగా. తలుపు కూడా కావాలంటే ఎలా."

కాబట్టి ఉన్ని బొంత పెడుతున్నాను. బరువని విసుక్కోకు. జనవరిలో నన్ను తల్చుకుంటావు. రెండు బల్బులు, ఒక తాళం కప్ప, అలమరకి కట్టుకోడానికి పూల కర్టెనూ తాడూ పెట్టాను. స్నానాల గదులు వరండా చివర ఉన్నాయి, నేల ఎప్పుడూ తడే, అందుకని రబ్బరు చెప్పులు రెండు జతలు. ఒక జత ఎవరో ఒకరు వేసుకుపోతారు, అది ఖాయం. కిటికీ రెక్క పూర్తిగా పడదు. సందులో కుక్కడానికి పాత గుడ్డలు కత్తిరించి చుట్టలు చుట్టి పెట్టాను, వాటిని చెత్త అనుకుని పారేసేవు.

కరెంటు పొయ్యి తేవచ్చా, పట్టుకుంటారా అని రెండో ప్రశ్న. తేకూడదని గోడ మీద బోర్డు పెట్టారు. ఆ బోర్డు కిందే ఒక అమ్మాయి గుడ్డు వేయించుకుంటోంది. ఒంటి పొయ్యి పెట్టాను, బూట్ల డబ్బాలో, పైన నిజంగానే బూట్లు ఉంటాయి. ఎర్ర మిరపకాయల పచ్చడి పన్నెండు సీసాలు, ఊరగాయ కాబేజీ నాలుగు, పాకంలో ఉడికించిన ప్లం పళ్ళ కంపోటు ఆరు. ఒక్కో సీసాకీ మేజోడు తొడిగాను, పగలకుండా ఉంటాయి, నీకు మేజోళ్ళూ చేరతాయి. గదిలో రెండో అమ్మాయి ఎవరొచ్చినా మొదటి రోజే ఒక సీసా ఆమె చేతిలో పెట్టు. రెండో రోజు పెడితే అడిగిందని పెట్టినట్టుంటుంది.

చలికోటు, వాన బూట్లు, నానమ్మ అల్లిన రెండు స్వెట్టర్లు. వేసుకోవని నాకు తెలుసు, అయినా పెట్టాను. సూదీ దారం, జ్వరం మాత్రలు. స్కూలు సర్టిఫికెట్లు అన్నీ. నీ ఫోటోల ఆల్బమ్. అయిదో తరగతిలో గెలుచుకున్న గుండ్రటి పతకం. నీ గోడ మీది దేశపటం మడిచి పెట్టాను. హాస్టల్‌కి ఇవన్నీ ఎందుకే అమ్మా అంటావు. అనుకో.

ఇక నీ మూడో ప్రశ్న. నాన్న ఎందుకు రాయడంలేదు, సామాను తన కారు మోస్క్విచ్‌లో వేసుకుని తనే సోఫియా తేవచ్చుగా, బస్సెందుకు అని. ఈ వాక్యం దగ్గర మూడు రోజులు ఆగాను. ముందు నాలుగో ప్రశ్నకి జవాబు చెబుతాను, మూడోదాని జవాబు అందులోనే ఉంది.

హాస్టల్ జాబితాలో నీ పేరు పైనెక్కడో, నీ మార్కులకు రావలసిన దానికంటే చాలా పైన ఉందని నీ స్నేహితురాలు చూసి చెప్పిందన్నావు. పేరు పక్కన "విడాకులు పొందిన తల్లిదండ్రుల సంతానం" అని ఉందని, ఎవరి కాగితమో నీ దాంట్లో కలిసిపోయిందని, ఇరవై ఎనిమిదిన ఆఫీసు తెరవగానే వెళ్ళి తప్పు దిద్దిస్తానని రాశావు. "లేకపోతే వేరే ఎవరికో రావలసిన మంచం మీద నేను పడుకున్నట్టవుతుంది" అని కూడా రాశావు. ఆ మాట చదివి గర్వపడాలో గోడకేసి తల బాదుకోవాలో తెలియలేదు. నిన్ను అలా పెంచింది నేనే, ఎవర్నని ఏం లాభం.

ఎవరి కాగితమూ కలవలేదు. ఆ కాగితం నేనిచ్చిందే.

కిందటి జనవరిలో, నువ్వు ప్రవేశపరీక్షకు చదువుతూ గది తలుపు వేసుకుని కూర్చున్న రోజుల్లో, కింది అంతస్తు గిన్కా పిన్ని కాఫీకి వచ్చింది. వాళ్ళబ్బాయికి హాస్టల్ ఎలా వచ్చిందో తెలుసా అంది. తనూ మొగుడూ నాలుగేళ్ళ కిందట కాగితం మీద విడిపోయారట. ఆ ముసలాడు ఇప్పటికీ రోజూ సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చి సూపు వేడిగా లేదని అరుస్తాడు, నువ్వూ వింటూనే ఉంటావు. "ఈ మెట్ల మీద ఉన్నవాళ్ళలో సగం మంది విడిపోయిన మొగుడూ పెళ్ళాలే, పిచ్చిదానా," అంది. "అమ్మాయిని సోఫియాలో ఏ ముసల్దాని ఇంట్లోనో మూల గదిలో పెడతావా? అది కిటికీ తీయనివ్వదు, దీపం వేయనివ్వదు. ఒక్క సంతకం. అంతే కదా."

ఆ మాట నా చెవిలో దూరింది, ఇక బయటికి రాలేదు. మీ నాన్నకి చెప్పాను. ఆయన వద్దన్నాడు. ఇది నువ్వు తెలుసుకోవాలి, ఎందుకంటే నీకు ఆయన మీదే కోపం వస్తుంది, నాకు అదే హాయిగా ఉంటుంది, కానీ అది అబద్ధమవుతుంది. ఆయన చాలా రోజులు వద్దన్నాడు.

"అలాంటి వాటితో ఆటలాడకూడదే త్సోన్కా," అన్నాడు.

"ఆటేమిటయ్యా, కాగితం. నీ కూతురికి కప్పు కావాలా అక్కర్లేదా?"

"కావాలి."

"అయితే నోరు మూసుకుని సంతకం పెట్టు."

ఇలాగే అన్నాను. ఇంత కంటే మెత్తగా అన్నానని రాసుకుందామనుకున్నాను గానీ, ఇలాగే అన్నాను.

ఇల్లు ఎవరికని కోర్టు కాగితంలో రాయాలి. తల్లి పేరున ఇల్లు లేకపోతే అమ్మాయికి ఇంకొన్ని పాయింట్లు కలుస్తాయంది గిన్కా. మీ నాన్నకి నేనే చెప్పాను, ఇల్లు నీ పేరున రాసేస్తాను, ఎలాగూ ఇద్దరం ఇందులోనే పడి ఉంటాం కదా అని. ఇరవై రెండేళ్ళు నేను తుడిచిన ఇల్లు నా చేతులారా రాసిచ్చాను. రాసేటప్పుడు పెన్ను ఆగితే విదిలించి మరీ రాశాను.

ఫిబ్రవరిలో కోర్టుకు బయల్దేరితే గిన్కా రాగి చెంబుతో నీళ్ళు తెచ్చి మా గడపలో పోసింది. నీ పరీక్ష రోజు నేను పోశానే, పని నీళ్ళలా సాఫీగా సాగాలని, అలాగే. మేం ముగ్గురం నవ్వుకున్నాం. ఆ నీళ్ళ మీద కాలు పెట్టి నడిచి వెళ్ళాం. పని ఎంత సాఫీగా సాగిందంటే, ఇప్పటికీ సాగుతూనే ఉంది.

జడ్జి నీ వయసుకంటే ఓ పదేళ్ళు పెద్దదేమో, పిల్ల. "మీ నిర్ణయం ఆలోచించి తీసుకున్నదేనా? తిరుగులేనిదేనా?" అని అడిగింది. మీ నాన్న నా వైపు చూశాడు. నేను మోచేత్తో డొక్కలో పొడిచాను. అప్పుడు "అవునండీ" అన్నాడు. బయటికొచ్చాక పక్క సందులో కబాబులు తిన్నాం. "ఏమే, ఇప్పుడు నువ్వు పరాయి ఆడదానివి, మనిద్దర్నీ ఎవరైనా చూస్తే బాగుండదు," అన్నాడు. చాలా ఏళ్ళ తర్వాత మేమిద్దరం అంత నవ్వడం అదే.

అక్కడితో వదిలేసినా బాగుండేది. హాస్టల్ కాగితాలు పరిశీలించడానికి మునిసిపాలిటీవాళ్ళు ఇళ్ళకొస్తారని, ఒకే కప్పు కింద ఉంటే పట్టేస్తారని ఎవరో అన్నారు. ఎవరూ రాలేదు, ఇంతవరకూ ఎవరూ రాలేదు. కానీ నేను భయపడ్డాను. మీ దోన్కా అత్త వదిలేసి పోయిన పల్లెటూరి ఇంటికి ఆయన చిరునామా మార్పించాను. వారంలో నాలుగు రోజులు అక్కడ పడుకోమన్నాను. పక్క ఊళ్ళో పని దొరికింది కాబట్టి అత్త ఇంట్లో ఉంటున్నాడని నీకు చెప్పాను చూడు, అది ఇదే. ఆయన సణిగాడు, ఆ ఇంట్లో పొయ్యి పొగ వస్తుందన్నాడు. నేను వినలేదు.

ఆ ఇంటి పక్కన స్తానిమిరా అని ఒకావిడ ఉంది. మొగుడు పోయి ఆరేళ్ళయింది, ప్లం తోట ఉంది, కోళ్ళున్నాయి. ఎవరైనా వచ్చి మీ నాన్న గురించి అడిగితే "అవును, మెతోది ఇక్కడే ఉంటాడు" అని సాక్ష్యం చెప్పే మనిషి కావాలి కదా. ఆమెను మంచి చేసుకోమని నేనే చెప్పాను. ఊరికే ఎలా వెళ్తావని నా చేతి పచ్చడి రెండు సీసాలు, జున్ను పొరలతో కాల్చిన ఒక బానిత్సా కట్టి ఇచ్చాను. ఖాళీ సీసాలు శుభ్రంగా కడిగి, మూతలు తుడిచి పంపింది. మర్యాదస్తురాలు అనుకున్నాను. మరో రెండు సీసాలు పంపాను. వసంతకాలమంతా నేను నింపి పంపడం, ఆమె కడిగి పంపడం. రాలీ, లోకంలో ఏ ఆడదైనా తన సవతికి ఇంత శ్రద్ధగా పచ్చడి పట్టి పంపుతుందా చెప్పు.

జులైలో, నువ్వు సముద్రానికి వెళ్ళిన వారానికి, ఆయన వచ్చి వంటింట్లో స్టూలు మీద కూర్చున్నాడు. టోపీ తీయలేదు. అప్పుడే అర్థం కావాల్సింది.

"త్సోన్కా, ఒక మాట చెప్పాలి."

"చెప్పు. నా చేతులు ఖాళీ లేవు."

"చట్టప్రకారం మనమిద్దరం..."

"చట్టప్రకారం మనమేమిటో నాకు తెలుసయ్యా. ఆ కాగితం రాయించిందే నేను."

"అది కాదు. ఆ కాగితం నిజమేనంటున్నాను."

నేను గిన్నె తోముతూనే ఉన్నాను. తోమిన గిన్నెనే మళ్ళీ తోమాను. ఎవరని అడగలేదు, ఆయనా చెప్పలేదు. అక్కడ ఒక్కడే కూర్చుని మాట్లాడే మనిషి లేక ఆమె గుమ్మంలోకి వెళ్ళేవాడట. ఆమె ఏమీ అడిగేది కాదట, ఏమీ చెయ్యమనేది కాదట. "నీ దగ్గర నేను ఇరవై ఏళ్ళు చెప్పిన పని చేశాను," అన్నాడు.

"నిన్ను అక్కడికి పంపింది రాలి చదువు కోసం," అన్నాను.

"దేనికోసమైనా పంపింది నువ్వే. నేను వద్దన్నాను. గుర్తుందా?"

గుర్తుంది. అదే కదా బాధ.  

ఆయన కేకలు వేయలేదు, నేనూ వేయలేదు. ఆవిడ తోట కొడుక్కి ఇచ్చేసి ఇక్కడికి వస్తుందట, ఆయనకు ఇక్కడి పని దగ్గరట. "నువ్వేం తొందరపడకు, అక్టోబరు ఒకటి దాకా ఉండు," అన్నాడు. నా వంటింట్లో, నేను రంగు వేయించిన గోడల మధ్య కూర్చుని నాకు గడువిచ్చాడు. కడుపు మండిపోయింది. ఇప్పటికీ మండుతూనే ఉంది. ఒలిచిన మిరపకాయల మంట ఒక లెక్కా.

ఊరుకున్నానా అంటావు. లేదు. వకీలు దగ్గరికి వెళ్ళాను. చెవులదాకా గడ్డం ఉన్న ముసలాయన, అంతా విన్నాడు.

"ఆ విడాకులు ఉత్తుత్తివే అని కోర్టులో చెప్తారామ్మా?" అన్నాడు.

"చెప్తాను. ఇల్లు నాకు కావాలి."

"చెప్పొచ్చు. గెలవొచ్చు కూడా. కానీ అమ్మాయి హాస్టల్‌కి ఇచ్చిన ప్రకటన అబద్ధమని మీ నోటితో మీరే ఒప్పుకున్నట్టు. ఆ కాగితం కింద సంతకం ఎవరిది?"

సంతకం నీది, రాలీ. ఖాళీ ఫారాల మీద పెట్టించుకున్నాను, గుర్తుందా, "ఇవేవో హాస్టల్‌వి, నేను నింపుకుంటాను" అని. నన్ను నమ్మి చదవకుండా పెట్టావు. మంచం పోవడంతో ఆగదు, అబద్ధపు పత్రం ఇచ్చిందని కాలేజీవాళ్ళు నిన్ను పంపేసినా పంపేస్తారన్నాడు వకీలు. నేను లేచి వచ్చేశాను. దారిలో రొట్టె కొనుక్కుని ఇంటికొచ్చాను. ఇల్లు అడిగితే నీ చదువు పోతుంది, నీ చదువు ఉండాలంటే ఇల్లు అడగకూడదు. ఆలోచించడానికేముంది ఇందులో. ఆ సాయంత్రమే తేల్చుకున్నాను.

అందుకే సంచులు ఐదయ్యాయి. ఈ ఇంట్లో నీదైనది ఏదీ వదలకుండా సర్దాను. క్రిస్మస్‌కి వచ్చి తీసుకుందువు గానీ అని పక్కన పెట్టడానికి లేదు. అమ్మా పచ్చడి ఇంత ఎందుకు పట్టావంటావు, నాకు ఇంకేం చెయ్యాలో తోచక పట్టాను.

నేను గాబ్రొవోలో కుట్టుమిల్లులో చేరుతున్నాను. కాలర్లు కుట్టే పని. వాళ్ళకూ ఆడవాళ్ళ హాస్టల్ ఉంది. గదికి ముగ్గురం, నాకు తలుపు పక్క మంచమట. బల్బు ఎవరిది వాళ్ళదేనని నేను ముందే అడిగి కనుక్కున్నాను, నీ హాస్టల్లో నేర్చుకున్న చదువే. కుర్ర పిల్లలున్నారట, రేడియో పెడతారట. పెట్టుకోనీ. నా గురించి దిగులు పెట్టుకోకు అని రాయను, పెట్టుకుంటావు. కాస్త పెట్టుకుని తర్వాత పుస్తకం తెరువు.

మీ నాన్నకు ఉత్తరం రాయాలనిపిస్తే రాయి. నేను అడ్డుపడను. ఆయన నీకు చెడ్డ తండ్రి కాడు. నీకు చెప్పడానికి ఆయనకు ముఖం చెల్లడం లేదు, అందుకే రాయలేదు. మోస్క్విచ్‌లో సామాను తేగలడు, అడిగితే కాదనడు కూడా. ఆయనను అడగడం నాకు చేతకాలేదు, అందుకని బస్సు. తిట్టదలుచుకుంటే మాత్రం ముందు నన్ను తిట్టు, వరుసలో నేను ముందున్నాను.

నీ సంగతి నాకు తెలుసు. ఇది చదవగానే ఒళ్ళు మండి, ఆ గదీ వద్దు ఆ మంచమూ వద్దు అని ఆఫీసు బల్ల మీద చీటీ విసిరేసి రావాలనిపిస్తుంది. వేరే ఎవరికో రావలసిన మంచమని మొదట్లోనే అనుకున్నావు, ఇప్పుడు ముళ్ళలా గుచ్చుకుంటుంది. గుచ్చుకున్నా పడుకో. నువ్వు వదిలేస్తే నాకు ఇల్లు తిరిగి రాదు, ఆయనా రాడు. అంతా పోగొట్టుకుని దక్కించుకున్నది అదొక్కటే, దాన్నీ విసిరేస్తే నేను ఏం చేసినట్టు చెప్పు. ఐదేళ్ళు చదువు. డిగ్రీ చేతికొచ్చాక నాతో మాట్లాడ్డం మానేసినా భరిస్తాను.

ఇరవై ఎనిమిదిన ఆఫీసుకి వెళ్ళకు. దిద్దించడానికి అక్కడ తప్పేమీ లేదు. వాళ్ళు రాసుకున్నది ఫిబ్రవరిలో అబద్ధం. ఇప్పుడు కాదు.

ఇట్లు,
నీ అమ్మ
త్సోన్కా